శ్రీరంగం రాగిరేకుల మీద మా ఊరు

తమిళనాడులో కావేరి నడిమధ్యన ఉన్న శ్రీరంగంలో కొన్ని రాగిరేకులు దొరికాయి. శక సంవత్సరం 1280 నాటివి. అంటే 1358. వాటి మీద ఒక తెలుగు రాజు పేరూ, ఆయన రాజధాని పేరూ ఉన్నాయి. రాజు ముమ్మడి నాయకుడు, రాజధాని కోరుకొండ. రాజమండ్రిలో గోకవరం బస్సెక్కితే గంట తిరక్కుండా దిగిపోయే మా కోరుకొండే అది. గోదావరికి రెండు దరులా ఉన్న సీమల్ని ఏలిన ఈ రాజు, శ్రీరంగానికి చెందిన పరాశర భట్టర్‌కు కొట్టాళ్లపర్రు అనే ఊరిని దానంగా ఇచ్చాడని ఆ శాసనం చెబుతుంది. ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చయి, చాలా కాలంగా అందరికీ అందుబాటులో ఉన్న శాసనమే ఇది. మా ఊళ్లో మాత్రం దాని సంగతి తెలిసినవాళ్లు బహు తక్కువ.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. కాకతీయులు, రెడ్డిరాజులు, గజపతులు, విజయనగరం అని ఏటా వరసపెట్టి చెప్పాను. పిల్లలు సంవత్సరాలు బట్టీపట్టారు. 1323లో ఓరుగల్లు పడిపోతుంది, కాకతీయుల పాఠం అయిపోతుంది. 1395లో కాటయ వేముడు రాజమండ్రిలో రెడ్డి రాజ్యం నిలబెడతాడు, ఇంకో పాఠం మొదలవుతుంది. ఆ పాఠానికీ ఈ పాఠానికీ మధ్య డెబ్బై ఏళ్లు ఉన్నాయి. మా ఊరు వెలిగింది సరిగ్గా ఆ డెబ్బై ఏళ్లలోనే. మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు ఆ కాలం గురించి ఇంగ్లీషులో రాసిన పుస్తకానికి, మరుగున పడిన ఆంధ్ర చరిత్ర అధ్యాయం అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పేరు చదివినప్పుడల్లా మా ఊరి కొండే నా కళ్లకు కడుతుంది.

ఏం జరిగిందో మొదటినుంచీ చెబుతాను.

1323లో ఉలూఘ్ ఖాన్ సైన్యం ఓరుగల్లు కోటను పట్టుకుంది. ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. ఢిల్లీ దండు అక్కడితో ఆగలేదు. అదే ఏడు దక్షిణాదికి దిగి శ్రీరంగం మీద పడింది. రంగనాథుడి ఉత్సవమూర్తిని భక్తులు గుట్టుగా గుడి దాటించి, అడవుల్లోంచీ కొండల్లోంచీ ఊరూరూ తిప్పి, చివరికి తిరుమలలో దాచుకున్నారు. ఆ మూర్తి తిరిగి శ్రీరంగం చేరేసరికి 1371 అయింది. ఇటు గోదావరి మీద చూస్తే, రాజమండ్రి పెద్ద మసీదు ద్వారం మీది శాసనం 1324 నాటిది. ఒక్క ఏడాది తిరిగేసరికి మా రాజమండ్రి కూడా కొత్త ఏలుబడిలోకి వెళ్లిపోయిందన్నమాట.

ఎదురుతిరిగినవాళ్లు కొండల వైపునుంచి లేచారు. ముసునూరి ప్రోలయ నాయకుడు భద్రాచలం దిగువన రేకపల్లిలో స్థావరం పెట్టుకున్నాడని విలస శాసనం చెబుతుంది. ఆయన తరవాత కాపయ నాయకుడు 1336లో ఓరుగల్లునే తిరిగి పట్టుకున్నాడు. వాళ్ల వెంట నిలబడ్డ నాయకుల్లో మంచికొండ వంశంవాళ్లు ఒకరు. ఆ వంశంలో కూనయ నాయకుడు, ఆయన కొడుకులు ముమ్మడి, సింగయ, గన్నయ. పెద్దవాడైన ముమ్మడి నాయకుడు కాపయ ఇంటి పిల్లను చేసుకున్నాడు. కోరుకొండ వాళ్ల చేతుల్లో రాజధాని అయింది.

రాజధానికి ఈ ఊరినే ఎందుకు ఎంచుకున్నారన్నది కొండెక్కితే ఎవరికైనా అర్థమవుతుంది. మా పిల్లల్ని మ్యాపు పాఠానికి క్లాసులో కూర్చోబెట్టకుండా కొండ మీదికే తీసుకెళ్లేదాన్ని. చుట్టూ చదునైన మెట్ట, మధ్యలో ఒంటరిగా లేచిన కొండ. దక్షిణాన రాజమండ్రి. పడమట సీతానగరం దాటితే గోదావరి. ఉత్తరాన గోకవరం, ఆ పైన రంపచోడవరం, ఇక అక్కణ్ణుంచి మన్యం. తూర్పున జగ్గంపేట, పెద్దాపురం వైపు మెట్ట పొలాలు. నదిని కాస్తే రాజమండ్రి చాలు. కానీ నదినీ, అడవినీ, మెట్టదారినీ ఒకేచోట కూర్చుని చూసుకోవాలంటే ఈ కొండే కావాలి. ఎటునుంచి దండు కదిలినా ఇక్కడ నిలబడ్డవాడికి ముందే దుమ్ము కనిపిస్తుంది. తరిమితే వెనక్కి తగ్గడానికి మన్యం దగ్గరలోనే ఉంది. రేకపల్లి దారి ఎరిగినవాళ్లకు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. మా పిల్లల్లో ఒకడు పైనుంచి చూసి, "టీచరుగారండీ, ఇక్కణ్ణుంచైతే నేను కూడా రాజ్యం కాస్తానండీ" అన్నాడు. చరిత్ర పాఠం వాడికి వంటబట్టిందని నాకు ఆ మాటతోనే తెలిసింది.

ఇక గురువు సంగతి. శ్రీవైష్ణవంలో పరాశర భట్టర్ అంటే పెద్ద పేరు. మొదటి పరాశర భట్టర్ కూరత్తాళ్వార్ కొడుకు. రామానుజుల కళ్లముందు పెరిగినవాడు. విష్ణుసహస్రనామానికి భగవద్గుణదర్పణం అనే వ్యాఖ్యానం రాసింది ఆయనే. ఆ వంశంలో ఏడవ పరాశర భట్టర్ ముమ్మడి నాయకుడికి గురువయ్యాడు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. దానశాసనం 1358. రంగనాథుడి ఉత్సవమూర్తి ఇల్లు చేరింది 1371. అంటే రాజు ఊరు రాసిచ్చిన నాటికి శ్రీరంగం గర్భగుడి ముందు ఆ మూర్తి లేదు. దేవుడికి దూరమైన గురువూ, ఓరుగల్లును పోగొట్టుకుని మళ్లీ నిలదొక్కుకుంటున్న నాయకుడూ గోదావరి మెట్టలో ఒకరికొకరు దొరికారు. ఆ దానాన్ని నేను మామూలు రాజదానాల్లో ఒకటిగా చదవలేను. కోలుకుంటున్న ఊరు, కోలుకోవాల్సిన ఇంకో ఊరికి అందించిన చెయ్యి అది.

గుడి కథ కూడా ఆ రోజులదే. కొండ మీద లక్ష్మీనరసింహస్వామి గుడిని 1353 ప్రాంతంలో లక్ష్మీదాసి అనే ఆవిడ పూనుకుని కట్టించిందని చెప్పుకుంటారు. ఆవిడ దేవదాసి అనీ, పరాశర భట్టర్‌ను గురువుగా తలచిందనీ, స్వామి కలలో కనిపిస్తే రాజుగారి దగ్గర కొండ మీద చోటు అడిగిందనీ అంటారు. ఆవిడ గురించి ఊరు ఇంకా ఎక్కువగా మాట్లాడుకోవాలని నా కోరిక. రాజు పేరు రేకుల మీద ఉంది, గురువు పేరు అర్చకుల వంశంలో ఉంది. మెట్లెక్కేవాళ్లలో సగంమంది ఆడవాళ్లే అయినా, గుడి కట్టించిందని చెప్పే ఆ ఆడమనిషి పేరు మాత్రం ఎవరి నోటా వినిపించదు.

కొండకు ఆరొందల పైచిలుకు మెట్లు. నిటారుగా ఉంటాయి. సింహాచలంలాగా మలుపులు తిరుగుతూ ఎక్కే దారి కాదు, పైన గోపురాన్ని చూస్తూ తిన్నగా ఎక్కడమే. పైన స్వయంభువుగా చెప్పే మూర్తి జానెడే ఉంటుంది. ఇంత కొండెక్కి అంత చిన్న స్వామినా చూసేది అని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. మాకు మాత్రం ఆ చిన్నతనమే ముద్దు. కొండ కింద ఇంకో గుడి ఉంది. ఎక్కలేని ముసలివాళ్లు అక్కడే దణ్ణం పెట్టుకుని, పైకి చూసి ఇంకోసారి దణ్ణం పెడతారు. పరాశరుల వంశంవాళ్లే ఈనాటికీ ధర్మకర్తలుగా ఉన్నారు. ఇప్పుడు ఆలయం అన్నవరం దేవస్థానానికి దత్తత దేవాలయం.

కోరుకొండ అంటే చుట్టుపక్కల యాభై ఊళ్లకు ముందు గుర్తొచ్చేది తీర్థం. ఫాల్గుణ శుద్ధ ఏకాదశి రోజు రథోత్సవం, ఆ రాత్రి కల్యాణం, పౌర్ణమి దాకా ఉత్సవాలు. మా చిన్నప్పుడు రెండు రోజుల ముందునుంచే గూడుబళ్లు వచ్చేసేవి. ఎడ్లకు మెడగంటలు, కొమ్ములకు రంగులు. బళ్లు విప్పుకున్న చోటే మూడు రాళ్లు పెట్టి వంటలు. కోనసీమ నుంచి వచ్చినవాళ్లు కొబ్బరికాయలు తెచ్చుకునేవారు. కొండ దొరలు, మేము అలాగే పిలిచేవాళ్లం, అడ్డాకుల కట్టలూ, కొండచీపుళ్లూ, చింతపండూ నెత్తిన పెట్టుకుని దిగేవారు. అవి అమ్ముకుని ఉప్పూ, బట్టా, పూసలూ కొనుక్కునేవారు. మాకు జీళ్లూ, ఖర్జూరం, పంచదార చిలకలూ. మా మామ్మ తీర్థంలోనే ఏడాదికి సరిపడా గాజులు వేయించుకునేది, ఇంట్లో వాడకానికి కుండలూ కొనేది. పెళ్లీడుకొచ్చిన పిల్లలున్న ఇళ్లవాళ్లు సంబంధాల మాటలు కూడా అక్కడే కదిపేవారు. పల్లంవాళ్లూ, మెట్టవాళ్లూ, మన్యంవాళ్లూ ఒకే చోట నిలబడి ఒకే రథం తాడు పట్టుకోవడం నేను ఇంకెక్కడా అంతగా చూడలేదు. ముమ్మడి నాయకుడు ఈ చోటును ఎంచుకోవడానికి ఏ కారణాలున్నాయో, తీర్థానికి ఇంతమంది చేరడానికీ అవే కారణాలు. మూడు దారులూ కలిసేది ఇక్కడే మరి.

తరవాతి నాలుగు వందల ఏళ్లను త్వరగానే దాటేస్తాను, ఆ కాలంలో పెద్ద మాటలన్నీ రాజమండ్రిలోనే నడిచాయి కాబట్టి. 1395లో కాటయ వేముడు రాజమండ్రిని రాజధాని చేసుకున్నాక మా ఊరు రాజధానిగా ఉండాల్సిన పని తీరిపోయింది. అల్లాడ రెడ్డి, వీరభద్రారెడ్డి వచ్చారు. శ్రీనాథుడు వీరభద్రారెడ్డికి కాశీఖండం అంకితమిచ్చింది మా కొండకు తొమ్మిది మైళ్ల దూరంలో. 1448 కల్లా కపిలేశ్వర గజపతి సేనలు దిగాయి. ఆ తరవాత గోల్కొండ, మొగలాయిలు, నిజాం, ఫ్రెంచివాళ్లు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో కుంఫిణీ సేనాని ఫోర్డు గెలవడంతో ఈ నేల కుంఫిణీ చేతికి వెళ్లే దారి పడింది. ఇన్ని ఏలుబడులు మారినా ఫాల్గుణ ఏకాదశి మారలేదు, పరాశరుల పూజ తప్పలేదు. ముమ్మడి రాజ్యం నిలిచింది రెండు తరాలే, ఆయన కలుపుకున్న గురుసంబంధానికి మాత్రం ఆరువందల యాభై ఏళ్లు దాటింది. మా మండలంలోనే శ్రీరంగపట్నం, జంబూపట్నం అని రెండు ఊళ్లున్నాయి. కావేరి మీద శ్రీరంగం పక్కనే జంబుకేశ్వరం ఉంటుందని తెలిసినవాళ్లు ఆ ఊళ్ల బోర్డులు చూసి ఒక్క క్షణం ఆగుతారు. నేను ఎప్పుడూ ఆగుతాను.

కోట కన్నా, కొండ కన్నా మా ఊరి బతుకును ఎక్కువగా నడిపింది నీళ్లు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, రాని నీళ్లు.

1832–33లో వచ్చిన నందన కరువు గోదావరి జిల్లాను పీల్చేసింది. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా, 1841కి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. పక్కనే అఖండ గోదావరి పారుతూ ఉండగా మనుషులు ఆకలితో పోయారు, ఊళ్లు వదిలిపెట్టిపోయారు. ఆ లెక్కలు చూసి కదిలిన ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. అక్కణ్ణుంచి డెల్టా కథ అందరికీ తెలిసిందే. గోదావరి జిల్లాల్లో కాటన్ విగ్రహం లేని ఊరు తక్కువ. కానీ నీరు పల్లమెరుగు. ఆనకట్ట ధవళేశ్వరంలో, కాలవలు దానికి దిగువన. మేము ఆనకట్టకు ఎగువన, అది కూడా మెట్ట మీద. గోదావరి మాకు నాలుగడుగుల్లో ఉన్నా మా పొలాలకు ఒక్క చుక్క ఎక్కలేదు. పుస్తకాల్లో గోదావరి జిల్లా అనగానే పచ్చటి వరిచేలూ, కొబ్బరితోటలూ రాస్తారు. అదే జిల్లాలో వాన కోసం ఆకాశం కేసి చూసే మెట్ట కూడా సగం ఉందని రాయరు.

మా ఇంట్లో వరన్నం పండగ వంట. మిగతా రోజుల్లో జొన్నకూడు, చోడి అంబలి. నువ్వులు, కందులు, ఉలవలు, ఆముదాలు, ఆ తరవాత పొగాకు. నాన్న మోటబావి దగ్గర ఎడ్లను ముందుకీ వెనక్కీ తోలుతూ తెల్లవారుజాముదాకా నీళ్లు తోడేవాడు. తోలుబాన పైకొచ్చి నీళ్లు దిమ్మరించిన చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. వానాకాలంలో బురద కాలువ పొంగిందంటే ఉన్న కాస్త పల్లపు చేలూ మునిగిపోయేవి. ఎండితే ఎండడం, తడిస్తే మునగడం. పల్లంవాళ్లు మెట్టకు పిల్లనివ్వడానికి వెనకాడేవారు. "నీళ్లు మోయలేక చచ్చిపోద్దండీ మా పిల్ల" అని మొహం మీదే అనేవారు. మా అమ్మను ఇచ్చింది ఆత్రేయపురం వైపునుంచి. కాలవ గట్టున పుట్టిన మనిషి ఇక్కడికొచ్చి బావికాడ వరసలో నిలబడడం నేర్చుకుంది. పుట్టింటికి వెళ్లినప్పుడు కాలవలో దిగి మెడదాకా మునిగి కూర్చునేది, ఎంత పిలిచినా గట్టెక్కేది కాదు.

1947లో రాజమండ్రిలో పొగాకు పరిశోధన కేంద్రం పెట్టాక వర్జీనియా సాగు మెట్టలో బలపడింది. ఆకు కాల్చే బ్యారన్లు లేచాయి. పుల్ల కోసం చుట్టుపక్కల చెట్లు పోయాయి. ఆకు మంచి రేటు పలికిన ఏడు ఇళ్లమీద పెంకులు పడ్డాయి, పడిపోయిన ఏడు నగలు కుదువకెళ్లాయి. తొర్రిగెడ్డ పంపింగు స్కీమూ, ఆ తరవాత పుష్కరాల పేరు పెట్టుకున్న ఎత్తిపోతలూ వచ్చాక గానీ గోదావరి మెట్టెక్కలేదు. సీతానగరం మండలం పురుషోత్తపట్నం దగ్గర మోటార్లు నీళ్లను నదిలోంచి పైకెత్తుతాయి. కాటన్ ఆనకట్ట పూర్తయి నూట యాభై ఏళ్లు దాటాక మెట్టలో చాలామంది రైతులు గోదావరి నీళ్లతో వరి నాటారు. మొదటిసారి కాలవలో నీళ్లొచ్చిన రోజు ఆడవాళ్లు పసుపూ కుంకుమా పట్టుకుని గట్టు మీదికి వెళ్లారు. మా అమ్మ ఆ రోజుదాకా లేదు. ఉండి ఉంటే తప్పకుండా దిగేది.

మన్యం దారి గురించి కూడా ఒక మాట. 1879లో రంప పితూరీ లేచినప్పుడూ, 1922లో అల్లూరి సీతారామరాజు మన్యం పోలీసు స్టేషన్ల మీద పడినప్పుడూ, రాజమండ్రికీ రంపచోడవరానికీ మధ్య దారి ఈ కోరుకొండ, గోకవరాల మీదుగానే. పిల్లలకు ఆ పాఠం చెప్పేటప్పుడు, మనం రోజూ సైకిల్ తొక్కే రోడ్డే అది అని చెబితే చాలు, నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చునేవాడు. ఊరి చరిత్ర ఊళ్లో పిల్లలకు చెప్పడంలో ఉన్న బలం ఇదే. ఢిల్లీలో జరిగింది వాళ్లు వింటారు. తమ రోడ్డు మీద జరిగింది మాత్రం మరచిపోరు.

మా ఊరి పేరుకు ఇంకో ఇబ్బంది ఉంది. కోరుకొండ అనగానే చదువుకున్నవాళ్లందరికీ సైనిక్ స్కూలే గుర్తొస్తుంది. అది విజయనగరం జిల్లా కోరుకొండ. 1962లో విజయనగరం మహారాజుల భవనంలో పెట్టారు. అది గొప్ప బడి, సందేహం లేదు. కానీ మా ఊరి పేరు చెప్పిన ప్రతిసారీ "సైనిక్ స్కూలున్న ఊరేనా అండీ?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పి మరీ మొదలెట్టాల్సి వస్తుంది. రాజధానిగా ఉన్న ఊరికి వేరే జిల్లా బడి పేరుతో గుర్తింపు ఉండడం నాకు బాధగానే ఉంటుంది.

1985లో మండలాలొచ్చినప్పుడు కోరుకొండ మండల కేంద్రమైంది. మండలంలోనే ఉన్న మధురపూడిలో బ్రిటిషువాళ్ల కాలం నాటి రన్‌వే ఇప్పుడు రాజమండ్రి విమానాశ్రయం. హైదరాబాదు నుంచి దిగినవాళ్లు మా నేల మీద దిగి, మా ఊరి పేరు వినకుండానే రాజమండ్రి వెళ్లిపోతారు. మోటబావులు పూడ్చిన చోట లేఅవుట్లు పడ్డాయి, రాళ్లు పాతారు. 2022లో జిల్లాలు చీలినప్పుడు రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పుగోదావరిలోనే మేము మిగిలాం, మన్యం కొత్త జిల్లాలోకి వెళ్లింది. తీర్థానికి వచ్చేవాళ్లు మాత్రం ఏ జిల్లాలో ఉన్నా వస్తూనే ఉన్నారు.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కొండ మెట్లు మొదలయ్యే చోట ఒక నల్లరాతి పలక నిలబెట్టాలి. దాని మీద 1358 శాసనం సారాంశం పదో తరగతి పిల్లకు అర్థమయ్యే తెలుగులో చెక్కించాలి. కూనయ నాయకుడి కొడుకు ముమ్మడి నాయకుడు, ఆయన తమ్ముళ్లు, గురువు పరాశర భట్టర్, దానమిచ్చిన ఊరు కొట్టాళ్లపర్రు, రేకులు దొరికిన చోటు శ్రీరంగం, అన్నీ ఉండాలి. లక్ష్మీదాసి పేరు కూడా ఉండాలి, ఊరు చెప్పుకునే కథగానే రాసినా సరే. దేవాదాయ శాఖకు అర్జీ రాసి పెట్టాను. హైస్కూలు పూర్వ విద్యార్థులు రాయి ఖర్చు తామే పెట్టుకుంటామన్నారు. పలక మీద చెక్కాల్సిన మాటలు ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లల చేత రాయిస్తున్నాను, తప్పులు దిద్ది వచ్చే ఫాల్గుణానికి అందజేస్తాం.